రోగపు లెక్క – ప్రజల హక్కు

వైద్యుని యెదుటను, వకీలు నెదుటను దాపరికము పనికిరాదని పెద్దలు చెప్పుదురు. రోగి తన బాధను దాచినచో వైద్యుడు సరియైన మందు నీయజాలడు. ఒక మనిషి విషయమున సత్యమైన యీ మాట ఒక నగరము విషయమునను, ఒక దేశము విషయమునను సత్యమే. అయితే అంటువ్యాధి వ్యాపించునపుడు ఈ సామెతకు రెండవ ముఖము కూడ కలదు. రోగి వైద్యునికి నిజము చెప్పవలసినట్లే ప్రభుత్వము ప్రజలకు నిజము చెప్పవలెను. ఎందరికి రోగము సోకినది, ఎందరిని పరీక్షించిరి, ఎందరు మరణించిరి, ఏ ఆసుపత్రిలో ఎన్ని పడకలు ఖాళీగా నున్నవి అను సంగతులు తెలియకున్నచో ప్రజలు తమ్ము తాము కాపాడుకొనజాలరు. 2020వ సంవత్సరమున హైదరాబాదు నగరములో జరిగిన కథ యీ సత్యమును చక్కగా బోధించును.

పూర్వము పల్లెలలో ఏదేని ఉపద్రవము సంభవించినపుడు దండోరా వేయించుట ఆచారము. ఊరిలో కలరా సోకినదనియో, చెరువు కట్ట తెగనున్నదనియో, పొలిమేరలో పులి తిరుగుచున్నదనియో డప్పు మ్రోగించి వీధివీధిని చాటెడివారు. ఆ చాటింపు విన్న యిల్లాలు నీరు కాచి చల్లార్చి పిల్లలకిచ్చెడిది. రైతు పొద్దు వాలకమునుపే పశువులను దొడ్డికి తోలుకొని వచ్చెడివాడు. డప్పు మ్రోగినంత మాత్రమున రోగము నయము కాదు, పులి పారిపోదు. కాని తాను చేయవలసిన పని యేదియో ప్రతివానికిని తెలియును. లక్షలాది జనులు నివసించు నగరములో డప్పు చప్పుడు వినబడదు. అందుచేత అంటువ్యాధి ప్రబలినపుడు ప్రభుత్వములు ప్రతిదినము ఒక ఆరోగ్య ప్రకటనను వెలువరించును. దీనినే బులెటిన్ అందురు. ఇది నగరపు దండోరా.

హైదరాబాదునకు తూర్పున, విజయవాడకు పోవు రహదారి చెంత, లాల్ బహదూర్ నగర్ కూడలికి సమీపమున మన్సూరాబాద్ అను ప్రాంతము కలదు. ఒకప్పుడిది నగరము వెలుపల నున్న గ్రామము. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నగరము తూర్పునకు పెరిగిన కొలది ఇచ్చటను కాలనీలు వెలసెను. చిన్న ఉద్యోగులు, వ్యాపారులు, నల్లగొండ మొదలగు జిల్లాలనుండి బ్రతుకుతెరువునకై వచ్చిన కుటుంబములవారు ఇండ్లు కట్టుకొని స్థిరపడిరి. 2007లో నగరము చుట్టునున్న పురపాలక సంఘములను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పరచిరి. 2020 నాటికి ఆ సంస్థలో 150 వార్డులుండెను. మన్సూరాబాద్ వానిలో ఒకటి. అయినను భూముల లెక్కలకును, జిల్లా పాలనకును అది రంగారెడ్డి జిల్లాకు చెందియుండెను. ఈ చిన్న విషయమును గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని కలదు.

2020 మార్చి 2వ తేదీన తెలంగాణ రాష్ట్రములో మొదటి కరోనా రోగిని గుర్తించిరి. దుబాయి వెళ్లి వచ్చిన ఆ యువకునికి సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రిలో చికిత్స జరిగెను. మార్చి 22న దేశమంతట జనతా కర్ఫ్యూ జరిగెను. మార్చి 25 నుండి లాక్‌డౌన్ మొదలయ్యెను. బడులు మూతపడెను, బస్సులు నిలిచిపోయెను. మే నెల ఆరంభమున, మన్సూరాబాదునకు పొరుగుననే యున్న వనస్థలిపురములో కొన్ని కాలనీలను కట్టడి ప్రాంతములుగా ప్రకటించి రాకపోకలను ఆపివేసిరి. అప్పటివరకు రోగము ఎక్కడనో దూరముననున్నదని తలచినవారికి అది పక్కవీధికి వచ్చినదని తెలిసెను. ఆ దినములలో ఇంటింటను ప్రభుత్వ ప్రకటన కొరకు ఎదురుచూచుట నిత్యకృత్యమయ్యెను.

ఆ తొలి మాసములలో వెలువడిన ప్రకటన చాల చిన్నది. ఆనాడు క్రొత్తగా రోగము సోకినవారెందరు, కోలుకొన్నవారెందరు, మరణించినవారెందరు అను సంఖ్యలు అందుండెను. వానికి తోడు జిల్లాల పట్టిక యొకటి. ఆ పట్టికలో గ్రేటర్ హైదరాబాదు అంతయు ఒక్క వరుస. 2011 జనాభా లెక్కల ప్రకారము 67 లక్షలకు పైబడిన జనులు గల మహానగరమునకు ఒక్కటే సంఖ్య! రంగారెడ్డి జిల్లాకు వేరొక వరుస యుండెను. మన్సూరాబాదు నివాసి తన ప్రాంతపు లెక్కను ఏ వరుసలో వెదకవలెను? నగరపు వరుసలోనా, జిల్లా వరుసలోనా? వెదకినను, రోగము తన వార్డులో నున్నదో, నగరపు పడమటి కొనలో నున్నదో ఆ సంఖ్య తెలుపదు. ముసలి తల్లిని పక్కవీధిలోని వైద్యశాలకు తీసికొనిపోవచ్చునా, కూరగాయల కొరకు సంతకు పోవచ్చునా అను ప్రశ్నలకు అందు సమాధానము దొరకదు.

లెక్క చేరని చోటికి వదంతి చేరును. ఫలానా యింటివారికి సోకినదట, ఫలానా దుకాణము యజమాని మరణించెనట అని గాలివార్తలు బయలుదేరును. గోరంతలు కొండంతలగును. దగ్గిన ప్రతివానిని జనులు అనుమానముతో చూతురు. మరొకవైపున, నిజముగా రోగమున్న వీధిలో జనులు నిర్భయముగా తిరుగుచుందురు. ఇట్లు భయపడనవసరము లేనివారు భయపడుటయు, జాగ్రత్తపడవలసినవారు పడకుండుటయు జరుగును.

కావున రోగపు లెక్కకు మూడు గుణములుండవలెను. మొదటిది, అది సంపూర్ణముగా నుండవలెను. రెండవది, సకాలమున వెలువడవలెను. మూడవది, ప్రజల ముంగిటివరకు రావలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను లెక్క నిరుపయోగమగును.

సంపూర్ణత యనగానేమో ఒక ఉదాహరణమువలన తెలియును. రెండు ఊళ్లు కలవనుకొనుడు. మొదటి యూరిలో ఒక దినమున 20 మందికి, రెండవ యూరిలో 50 మందికి రోగము కనుగొనబడినది. ఏ యూరు ఎక్కువ ప్రమాదములో నున్నది? రెండవదే యని తొందరపడి చెప్పవచ్చును. కాని మొదటి యూరిలో పరీక్షించినది 100 మందిని మాత్రమే. రెండవ యూరిలో 1,000 మందిని. అనగా మొదటి యూరిలో నూటికి 20 మందికి రోగము బయటపడగా, రెండవ యూరిలో నూటికి 5గురికే బయటపడినది. మొదటి యూరిలో పరీక్షింపబడక మిగిలినవారిలో ఇంక నెందరు రోగులున్నారో! 2020 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పరీక్షించిన ప్రతి నూరుగురిలో రోగులు 5గురి కంటె తక్కువగా రెండు వారముల పాటు నిలిచిననే వ్యాధి అదుపులో నున్నదని భావింపవచ్చునని సూచించెను. పరీక్షల సంఖ్య చెప్పక రోగుల సంఖ్యను మాత్రమే చెప్పుట, ధర చెప్పక సరుకు చౌకయని చెప్పుట వంటిది. పరీక్షలు తక్కువగా చేసినచో రోగులును తక్కువగా కనబడుదురు. కాని రోగము తగ్గదు.

తెలంగాణలో పరీక్షలు చాలినన్ని జరుగుట లేదను విమర్శ 2020 వేసవిలో బలముగా వినబడెను. జూన్ నెల నడుమ రాష్ట్ర ప్రభుత్వము హైదరాబాదు నందును, దాని చుట్టునున్న జిల్లాలలోను కలిసి 30 శాసనసభ నియోజకవర్గములలో 50,000 పరీక్షలు జరిపింతుమని ప్రకటించెను. ఈలోగా పరీక్షల గూర్చియు, లెక్కల గూర్చియు పలువురు తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యములు వేసిరి. ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్ర సింగ్ చౌహాన్, న్యాయమూర్తి బి. విజయసేన్ రెడ్డి వానిని విచారించిరి.

ఆ విచారణలో ఒక కఠినమైన ప్రశ్న తలయెత్తెను. మరణించినవారికి పరీక్ష చేయవలెనా? ఆసుపత్రులలో మరణించినవారి దేహములకు పరీక్షలు చేయనవసరము లేదని ప్రభుత్వము ఏప్రిల్ నెలలో నిర్ణయించెను. పోయిన ప్రాణమును పరీక్ష తిరిగి తీసికొనిరాదు, ఆ శ్రమను బ్రతికియున్నవారి కొరకు వినియోగించుట మేలు అను వాదము ఒకటి కలదు. కాని మరణించిన వ్యక్తికి కరోనా యుండెనా లేదా యని తెలియనిచో, అతనికి సేవచేసిన భార్యాబిడ్డలకు తాము జాగ్రత్తపడవలసినదో కాదో తెలియదు. మరణముల లెక్కయు తగ్గిపోవును. హైకోర్టు 2020 మే 26న ఆ పరీక్షలు చేయవలెనని ఆదేశించెను. ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోగా, ఆ యున్నత న్యాయస్థానము జూన్ నెలలో ఆ యాదేశము అమలును నిలిపివేసెను. ఇట్లు పెద్దలైన న్యాయమూర్తులకును వేర్వేరుగా తోచిన సమస్య ఇది. అయినను ప్రజలకు వివరములు తెలుపవలె నను విషయమున మాత్రము హైకోర్టు పట్టు విడువలేదు.

దినప్రకటనలోని వివరములు చాలవని న్యాయస్థానము పలుమారులు చెప్పెను. తన ఉత్తర్వులు సరిగా అమలు జరుగలేదని జూలై నెలలో అసంతృప్తిని వెలిబుచ్చి, రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సోమేశ్ కుమార్‌ను స్వయముగా సమాధానము చెప్పుమని ఆదేశించెను. జూలై 28న ఆయన న్యాయమూర్తుల యెదుట హాజరయ్యెను. ఆ దినములలోనే ప్రకటన రూపము మారిపోయెను. మునుపు ఒకటి రెండు పుటలలో ముగిసినది అనేక పుటలకు పెరిగెను. పరీక్షలు ఎన్ని జరిగినవో, పరీక్షా కేంద్రములు ఎక్కడెక్కడ నున్నవో, రోగులలో ఏయే వయస్సులవారెందరో అందు చేరెను. ప్రభుత్వాసుపత్రులలోను, ప్రైవేటు ఆసుపత్రులలోను సాధారణ పడకలెన్ని, ఆక్సిజన్ గల పడకలెన్ని, అత్యవసర చికిత్సకు తగిన పడకలెన్ని, వానిలో ఖాళీలెన్ని అను పట్టికలును చేరెను. అంకెలు కొండవలె పెరిగినవని కాదు దీని గొప్పతనము. అర్ధరాత్రి ఊపిరియాడక బాధపడు తండ్రిని ఏ ఆసుపత్రికి తీసికొనిపోవలెనో తెలియగోరు కుమారునకు ఆ పట్టిక దీపమువంటిది. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవమారు రోగము విజృంభించినపుడు, పడకకొరకు జనులు ఒక ఆసుపత్రినుండి మరియొక ఆసుపత్రికి పరుగులెత్తిరి. అప్పుడు పడకల లెక్క ప్రాణముల లెక్కయే యయ్యెను.

ఇట్టి మేలు కలుగుచుండగా ప్రభుత్వములు లెక్కలు చెప్పుటకు ఏల సంకోచించును? నిజము తెలిసినచో జనులు బెదరిపోవుదురను భయమొక కారణము. తమ పాలనకు అపకీర్తి వచ్చునను భయము మరొక కారణము. లెక్కలు సేకరించు సిబ్బంది చాలకపోవుట మూడవ కారణము. వీనిలో మూడవది నిజమైన యిబ్బంది, దానిని సరిదిద్దుకొనవలెను. మొదటి రెండును ఒడిలో నిప్పు దాచుకొనుట వంటివి. దాచినకొలది అది ఒడినే కాల్చును.

దీనికి చరిత్రలో నిదర్శనములు కలవు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరము ప్రపంచమంతట వ్యాపించెను. భారతదేశములోనే కోటిమందికి పైగా మరణించిరి. అది మొదటి ప్రపంచయుద్ధకాలము. యుద్ధములోనున్న దేశములు, సైనికుల ధైర్యము సన్నగిల్లునను తలంపుతో పత్రికలలో జ్వరపు వార్తలను అణచివేసెను. స్పెయిన్ దేశము యుద్ధములో లేదు గనుక అచ్చటి పత్రికలు ఉన్నదున్నట్లు వ్రాసెను. అందువలన జనులు ఆ రోగము స్పెయిన్‌లోనే పుట్టినదని భ్రమపడి దానికి స్పానిష్ జ్వరమని పేరుపెట్టిరి. నిజము చెప్పిన దేశమునకు నింద, దాచిన దేశములకు నిశ్చింత! కాని ఆ నిశ్చింతకు మూల్యము ఆయా దేశముల ప్రజలే చెల్లించిరి.

నూరేండ్ల తరువాత కూడ ఈ పొరపాటు మరల జరిగెను. చైనాలోని వూహాన్ నగరమున లీ వెన్‌లియాంగ్ అను కంటివైద్యుడు 2019 డిసెంబరు 30న తన తోటి వైద్యులకు ఒక క్రొత్త రోగమును గూర్చి హెచ్చరిక పంపెను. కొన్ని దినములకే పోలీసులు ఆయనను పిలిపించి, అసత్యప్రచారము చేయుచున్నావని మందలించి సంతకము చేయించుకొనిరి. ఆ రోగమే సోకి ఆయన 2020 ఫిబ్రవరి 7న కన్నుమూసెను. తరువాత విచారణ జరిపి, ఆ మందలింపు తగదని తేల్చి, దానిని ఉపసంహరించుకొనిరి. కాని అప్పటికి రోగము దేశదేశములకు పాకిపోయెను.

దాచుటవలన నష్టమెట్టిదో తెలిసినది. చెప్పుటవలన లాభమెట్టిదో 1854లో లండను నగరమున జరిగిన సంగతి తెలుపును. ఆ సంవత్సరము సోహో అను పేటలో కలరా చెలరేగి 600 మందికి పైగా మరణించిరి. కలరా చెడుగాలివలన వచ్చునని నాటి పెద్దల నమ్మకము. జాన్ స్నో అను వైద్యునికి మాత్రము అది త్రాగునీటివలన వచ్చునని తోచెను. మరణములను నమోదుచేయు ప్రభుత్వ కార్యాలయమునుండి ఆయన మృతుల పట్టికను సంపాదించెను. ఎవరెవరు ఏ యింట మరణించిరో విచారించి, పటముమీద గుర్తులు పెట్టెను. ఆ గుర్తులు బ్రాడ్ వీధిలోని ఒక నీటిపంపు చుట్టును గుమిగూడెను. ఆయన మాటపై అధికారులు సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని తొలగించిరి. అప్పటికే రోగము తగ్గుముఖము పట్టియుండెను. అయినను అది మరల తలయెత్తు మార్గము మూసికొనిపోయెను. రాబర్ట్ కోక్ కలరా క్రిమిని నిరూపించి చూపుటకు ఇంకను 30 ఏండ్లు పట్టెను. క్రిమి కంటికి కనబడకమునుపే లెక్క దాని జాడను పట్టియిచ్చెను. ఆ పట్టికను స్నోకు ఇయ్యక దాచియుండినచో ఈ మేలు జరిగెడిది కాదు.

హైదరాబాదు కథలోను ఇట్టి చిన్న నిదర్శనమొకటి కలదు. 2020 మార్చి నుండి కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు అన్ని రాష్ట్రముల ప్రకటనలను ప్రతిదినము సేకరించి, ఒకేచోట పట్టికలుగా కూర్చి దేశమంతటికిని అందించిరి. కోవిడ్19 ఇండియా అను పేర ఈ సేవ 2021 అక్టోబరు చివరివరకు సాగెను. శాస్త్రజ్ఞులును, పత్రికలవారును, సామాన్యులును దానిని వినియోగించుకొనిరి. రాష్ట్రములు చెప్పిన దానినే వారు కూర్చగలిగిరి. చెప్పనిదానిని ఎవరును కూర్చలేరు.

అయితే చెప్పవలసిన దానికిని ఒక హద్దు కలదు. ఏ వార్డులో ఎందరు రోగులున్నారో చెప్పుట వేరు. ఆ రోగుల పేర్లు చాటుట వేరు. మొదటిది అందరిని కాపాడును. రెండవది రోగిని వెలివేయించును. 2020లో పలుచోట్ల రోగుల యిండ్ల తలుపులకు కాగితములు అంటించిరి. దానివలన ఇరుగుపొరుగువారు ఆ కుటుంబములను అంటరానివారినిగా చూచు ప్రమాదమేర్పడెను. ఆ సంవత్సరము డిసెంబరు 9న సుప్రీంకోర్టు, విపత్తు నిర్వహణ చట్టము క్రింద అధికారము గలవారు ప్రత్యేకముగా ఆదేశించిన సందర్భములలో తప్ప అట్టి కాగితములు అంటింపరాదని తీర్పు చెప్పెను. తన పేరు వీధికెక్కునని భయపడినవాడు పరీక్షకే రాడు. కావున అంకె ప్రజలది, పేరు రోగిది. ఈ భేదమును తెలిసికొనుటయే వివేకము.

లెక్కలు తెలిసికొనుట ప్రభుత్వము దయచేసి యిచ్చు వరము కాదు. 2005లో భారత పార్లమెంటు సమాచార హక్కు చట్టమును చేసెను. ఎవరును అడుగకమునుపే ప్రజలకు సంబంధించిన సమాచారమును తమంత తామే వెల్లడింపవలెనని ఆ చట్టములోని నాల్గవ విభాగము ప్రభుత్వ కార్యాలయములను నిర్దేశించుచున్నది. సామాన్యముగా అడిగిన సమాచారమునకు 30 దినముల గడువు కలదు. ఒకరి ప్రాణమునకుగాని స్వేచ్ఛకుగాని సంబంధించినదైనచో 48 గంటలలో ఈయవలెను. అంటువ్యాధి కాలమున ఆసుపత్రి పడకల సంఖ్య ప్రాణమునకు సంబంధించిన సమాచారము కాక మరేమి?

రోగము తగ్గిన తరువాతను లెక్కతో పని తీరదు. 2021 చివరినాటికి భారతదేశములో కరోనావలన సుమారు 4 లక్షల 80 వేల మంది మరణించిరని ప్రభుత్వ లెక్క. ఆ రెండేండ్లలో సామాన్యముగా జరుగు మరణములకంటె 47 లక్షలు అధికముగా జరిగియుండునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో అంచనా వేసెను. ఆ అంచనా వేసిన పద్ధతి సరికాదని భారత ప్రభుత్వము ఆక్షేపించెను. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న అంతరము చిన్నది కాదు. ప్రతి గ్రామమున, ప్రతి వార్డున జనన మరణములు సకాలమున నమోదై, ఆ పుస్తకములు అందరు చూచుటకు వీలుగా నున్నచో ఇట్టి వివాదమునకు తావుండదు. మరణించిన ప్రతివాడును ఒక యింటి దీపము. అతనిని లెక్కలో చేర్చుట ఆ యింటివారిపట్ల చూపవలసిన మర్యాద. రాబోవు ఉపద్రవమునకు సిద్ధపడుటకు మార్గము.

లెక్క చెప్పు ప్రభుత్వమునందు ప్రజలకు విశ్వాసము కలుగును. విశ్వాసము కలిగిన ప్రజలు మూతికి గుడ్డ కట్టుకొమ్మనిన కట్టుకొందురు. ఇంట నుండుమనిన నుందురు. టీకా వేయించుకొమ్మనిన ముందునకు వత్తురు. అంటువ్యాధిని ఎదుర్కొనుటకు పోలీసు లాఠీకంటె ఈ విశ్వాసమే బలమైన ఆయుధము. ప్రజలకును ఒక బాధ్యత కలదు. వెల్లడియైన లెక్కను శ్రద్ధగా చదువవలెను, అర్థము కానిచో అడుగవలెను, గాలివార్తలను మోయరాదు, తమ యింట రోగము సోకినచో దాచరాదు. ప్రభుత్వము దాచకూడదని కోరువాడు తానును దాచకుండవలెను గదా!

మన్సూరాబాదు వంటి వాడలు దేశములో వేలకొలది కలవు. మరియొక రోగము ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పలేరు. అది వచ్చిననాడు ఆ వాడలలోని ప్రతి యింటికిని తన వీధి సంగతి తెలియవలెను. పల్లె దండోరా ఊరి నడుమ మ్రోగి ఊరుకొనలేదు. కట్టకడపటి గుడిసెవరకు నడచి వచ్చెడిది. నగరపు దండోరాయు అట్లే నడచి రావలెను.